ప్లంబర్‌కు, పెయింటర్‌కు రివ్యూ ఇస్తున్నారా? న్యాయంగా రాయడం ఎలాగంటే..

వానాకాలం మొదలయ్యేసరికి స్లాబ్ నుంచి నీళ్లు కారతాయి. ఎండలు ముదిరేసరికి ఏసీ మొరాయిస్తుంది. ఈ రెండింటి మధ్యలో ట్యాప్ లీకేజీ, గీజర్ రిపేరు, గోడలకు రంగులు. నగరంలో ఇల్లున్నవారికి ఏడాదిలో రెండు మూడు సార్లయినా ఎవరో ఒకరిని పనికి పిలవక తప్పదు. ఒకప్పుడు పక్కింటివారినో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నో అడిగి తెలిసిన మనిషిని పిలిపించుకునేవాళ్లం. ఇప్పుడు ఫోన్ తీసి, స్టార్లు చూసి, నాలుగు రివ్యూలు చదివి పిలుస్తున్నాం.

పక్కింటివారి మాట చేసే పనిని ఇప్పుడు ముక్కూమొహం తెలియనివారి రివ్యూ చేస్తోందన్నమాట. మరి అందులో ఎంత సమాచారం ఉంటోంది? ఎక్కువగా కనిపించేవి రెండే రకాలు. ఒకటి ‘సూపర్ వర్క్’. రెండోది ‘వేస్ట్, పిలవొద్దు’. ఏ పని చేయించారో, ఎంత తీసుకున్నారో, ఏం బాగాలేదో ఈ రెండింటిలోనూ ఉండదు. చదివినవారికి ఉపయోగం లేదు. పనిచేసినవారికి ఏం సరిదిద్దుకోవాలో తెలియదు.

మంచి రివ్యూ రాయడానికి భాష మీద పట్టు అక్కర్లేదు. ఏం జరిగిందో జరిగినట్టు చెబితే చాలు. అలా చెప్పడానికి ఏమేం గుర్తుపెట్టుకోవాలి, ఏం రాస్తే చిక్కుల్లో పడతారు, డబ్బు తిరిగి రావాలంటే ఎక్కడికి వెళ్లాలి.. ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్క స్టార్ బరువెంత?

చిన్న లెక్క వేద్దాం. మీ కాలనీలో ఒక పెయింటర్ ఉన్నారు. గూగుల్ మ్యాప్స్‌లో ఆయనకు పది రివ్యూలు, పదీ ఫైవ్ స్టార్లే. మీరు కోపంలో ఒక్క స్టార్ ఇచ్చారు. సగటు 5 నుంచి దాదాపు 4.6కు పడిపోతుంది. దాన్ని మళ్లీ 4.9కు చేర్చాలంటే ఆయనకు ఇంకో 29 ఫైవ్ స్టార్లు రావాలి. నెలకు రెండిళ్ల పని చేసే మనిషికి, ప్రతి కస్టమరూ రివ్యూ రాసినా ఏడాదికి పైగా పడుతుంది. నిజానికి అందరూ రాయరు కూడా.

అదే 200 రివ్యూలున్న పెద్ద సంస్థకు మీరు ఇదే ఒక్క స్టార్ ఇస్తే సగటు 5 నుంచి 4.98కి మారుతుంది. స్క్రీన్ మీద తేడాయే కనిపించదు. అంటే ఒకే కోపం చిన్నవారిని గట్టిగా, పెద్దవారిని నామమాత్రంగా తాకుతుంది.

యాప్‌ల ద్వారా వచ్చేవారి విషయంలో రేటింగ్ నేరుగా ఉపాధితో ముడిపడి ఉంటుంది. 2023లో అర్బన్ కంపెనీతో పనిచేసే మహిళలు, రేటింగులు తగ్గాయన్న కారణాలతో తమ ఐడీలను బ్లాక్ చేస్తున్నారంటూ పలు నగరాల్లో నిరసనలు తెలిపారు. మీరు బొటనవేలితో నొక్కే స్టారు అవతలివారికి వచ్చే నెల ఇంటద్దె కావొచ్చు.

అలాగని చెడ్డ పనికి మంచి మార్కులు వేయమని కాదు. మీరు మొహమాటపడి దాచిన లోపానికి రేపు మరొకరు డబ్బు పోగొట్టుకుంటారు. ఎలక్ట్రిక్ పని అయితే ప్రాణం మీదకే రావొచ్చు. కాబట్టి ఇటు పనివారికి, అటు రేపటి కస్టమర్‌కు ఇద్దరికీ న్యాయం జరిగేలా రాయాలి.

రివ్యూ పని మొదలవకముందే మొదలవుతుంది

గొడవలు ఎక్కువగా వచ్చేది పని బాగాలేక కాదు, ముందు సరిగ్గా మాట్లాడుకోకపోవడం వల్ల. పెయింటింగ్‌నే తీసుకోండి. ‘చదరపు అడుగుకు ఇంత’ అంటారు. మీరు ఫ్లాట్ విస్తీర్ణంతో లెక్క వేసుకుంటారు. ఆయన గోడల విస్తీర్ణంతో వేస్తారు. చివర్లో బిల్లు చూసి మీకు మోసంలా అనిపిస్తుంది, ఆయనకు మీరే మాట తప్పినట్టు అనిపిస్తుంది. తలుపులు, కిటికీల కొలత తీసేస్తారా లేదా, పుట్టీ ఎన్ని కోట్లు, ప్రైమర్ కలిపేనా, రంగు ఎవరు కొంటారు.. ఇవన్నీ ముందే తేల్చుకోవాలి.

ఇందుకు పెద్ద ఒప్పంద పత్రం అక్కర్లేదు. మాట్లాడుకున్నది వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టి, ‘సరే’ అనిపించుకోండి. దాంతోపాటు ఇవి దగ్గర ఉంచుకోండి.

- పని మొదలవకముందు, పూర్తయ్యాక తీసిన ఫొటోలు
- కొటేషన్, బిల్లు, లేదా కనీసం యూపీఐ చెల్లింపు స్క్రీన్‌షాట్
- అడ్వాన్స్ ఎప్పుడు ఎంత ఇచ్చారో తేదీలతో
- మార్చిన పార్టు పేరు, కంపెనీ, వారంటీ కార్డు ఉంటే అది
- లోపం కనిపించాక మీరు ఎప్పుడు ఫోన్ చేశారు, వాళ్లేమన్నారు

ఇవి ఉంటే రివ్యూ దానంతటదే నిజాల మీద నిలబడుతుంది. రేపు ఫిర్యాదు చేయాల్సి వచ్చినా ఇవే ఆధారాలు.

రివ్యూలో ఈ ఆరు ఉంటే చాలు

1. ఏ పని, ఎక్కడ: ‘ప్లంబింగ్’ అంటే సరిపోదు. ‘మూడో అంతస్తు ఫ్లాట్‌లో బాత్రూమ్ గోడ లోపలి పైపు లీకు’ అంటే చదివేవారు తమ సమస్యతో పోల్చుకోగలరు. ఏ ప్రాంతమో చెప్పండి, ఇంటి నంబరు వద్దు.

2. ఎప్పుడు: నెల, సంవత్సరం రాయండి. రెండేళ్ల కిందటి ధర చూసి ఇప్పుడు బేరమాడితే ఇద్దరికీ ఇబ్బందే.

3. చెప్పిన ధర, తీసుకున్న ధర: రెండూ రాయండి. తేడా ఉంటే కారణం ఏం చెప్పారో కూడా. పని మధ్యలో మీరే అదనంగా ఏమైనా చేయించి ఉంటే అదీ చెప్పాలి.

4. సమయం: ఎన్ని రోజులన్నారు, ఎన్ని పట్టింది. ఆలస్యానికి మీ వైపు కారణం ఉంటే దాచొద్దు. టైల్స్ మీరు ఆలస్యంగా తెప్పించి, మేస్త్రీని నిందించడం సరికాదు.

5. పని ఎలా ఉంది: కంటికి కనిపించింది రాయండి. ‘నాసిరకం పని’ అనేకంటే ‘వాష్‌బేసిన్ కింద సీలింగ్ వారంలో ఊడిపోయింది’ అంటే అర్థమవుతుంది.

6. లోపం చెప్పాక ఏం చేశారు: అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఎంత మంచి పనివారికైనా ఒక్కోసారి తేడా వస్తుంది. ఫోన్ ఎత్తి, మళ్లీ వచ్చి, అదనంగా తీసుకోకుండా సరిచేసినవారు మళ్లీ పిలవదగ్గవారు. నంబరు బ్లాక్ చేసినవారి సంగతీ జనానికి తెలియాలి.

తప్పు నిజంగా వాళ్లదేనా?

ఇంటి పనుల్లో కనిపించే లోపం ఒకచోట, అసలు కారణం మరోచోట ఉంటాయి. రాసేముందు ఈ నాలుగు సందర్భాలు గుర్తు చేసుకోండి.

ఏసీ గ్యాస్: ‘గ్యాస్ నింపి నెల కాలేదు, మళ్లీ అయిపోయింది’ అన్న ఫిర్యాదు చాలా సాధారణం. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయిపోదు. మూసి ఉన్న పైపుల్లో అదే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు వెతకకుండా గ్యాస్ మాత్రమే నింపి వెళ్తే అది మెకానిక్ లోపం. అయితే లీకు ఉందని, కాయిల్ మార్చాలని ఆయన చెప్పినా ఖర్చుకు వెనకాడి ‘ఇప్పటికి గ్యాస్ నింపండి చాలు’ అన్నది మీరే అయితే, ఆ మాట రివ్యూలో రాకపోవడం అన్యాయం.

గోడ మీద పొక్కులు: కొత్త రంగు మూడు నెలలకే ఉబ్బి ఊడిపోతే పెయింటర్‌ను అనుమానిస్తాం. గోడలో చెమ్మ ఉంటే ఎంత ఖరీదైన రంగైనా నిలవదు. పైఫ్లాట్ బాత్రూమ్ నుంచో, బయటి గోడ పగుళ్ల నుంచో తేమ వస్తుండొచ్చు. ముందు చెమ్మ సంగతి చూడమని పెయింటర్ హెచ్చరించారా లేదా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. చెమ్మ కనిపిస్తున్నా చెప్పకుండా రంగేసి వెళ్తే ఆ విషయం రాయాల్సిందే.

గీజర్: బోరు నీళ్లు వాడే ఇళ్లలో హీటింగ్ ఎలిమెంట్ మీద తెల్లగా గట్టి పొర పేరుకుంటుంది. రిపేరు చేసిన కొన్నాళ్లకే నీళ్లు సరిగా వేడెక్కకపోతే, కారణం నీటి కాఠిన్యమా, వేసిన పార్టా అన్నది చూపించమని అడగండి. పాత ఎలిమెంట్ విప్పి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

మీరు కొన్న సామాను: ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిందని మీరే తెచ్చిన ట్యాప్ లీకైతే బిగించిన ప్లంబర్‌కు స్టార్లు తగ్గించడంలో అర్థం లేదు. బిగింపు దగ్గర కారుతోందా, ట్యాప్ లోపలి నుంచి కారుతోందా చూసి రాయండి.

కారణం తేలకపోతే తేలలేదనే రాయండి. ‘రంగు మూడు నెలలకు ఊడింది. కారణం చెమ్మ అని పెయింటర్ అన్నారు. పని మొదలయ్యే ముందు చెమ్మ గురించి మాతో చెప్పలేదు’ అనే మూడు వాక్యాల్లో మీకు తెలిసిందంతా ఉంది, తెలియనిది ఏమీ లేదు.

యాప్ ద్వారా పిలిచినప్పుడు మరో సంగతి చూసుకోవాలి. స్లాట్ రెండుసార్లు మార్చడం, చివర్లో కన్వీనియన్స్ ఫీజు కలపడం, రీఫండ్ ఆలస్యం.. ఇవి ఇంటికి వచ్చిన మనిషి చేతిలో ఉండవు. వాటిపై కోపం ఉంటే యాప్ కస్టమర్ కేర్‌కు చెప్పండి, యాప్ స్టోర్‌లో రాయండి. వచ్చిన మనిషికి ఇచ్చే స్టార్లు ఆ మనిషి చేసిన పనికి మాత్రమే.

ఎప్పుడు రాయాలి?

యాప్‌లు పని ముగియగానే రేటింగ్ అడుగుతాయి. అప్పటికి మీరు చెప్పగలిగేవి కొన్నే. సమయానికి వచ్చారా, మర్యాదగా ఉన్నారా, చెప్పిన ధరే తీసుకున్నారా, పనయ్యాక చెత్త ఊడ్చి వెళ్లారా. అవి అప్పుడే రాసేయొచ్చు.

పని ఎంతకాలం నిలిచిందన్నది ఆ రోజు తెలిసేది కాదు. ట్యాప్, పైపు లీకులకు వారం పది రోజులు ఆగండి. ఏసీ సర్వీసుకు రెండు మూడు వారాలు. బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ అయితే, పైన టైల్స్ వేయకముందే కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూపించమని అడగొచ్చు. డాబా మీద చేయించిన వాటర్‌ప్రూఫింగ్‌కు ఒక వానాకాలం దాటాలి. జనవరిలో చేయించి జనవరిలోనే ‘ఒక్క చుక్క కారడం లేదు’ అని రాస్తే దానివల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

రాసిన రివ్యూను తర్వాత మార్చుకునే వీలు గూగుల్ మ్యాప్స్‌లో ఉంది. కాబట్టి ముందు చిన్నగా రాసి, కొన్ని నెలల తర్వాత ‘అప్‌డేట్’ అంటూ రెండు వాక్యాలు కలపండి.

బాగా కోపంగా ఉంటే ఆ రోజు రాయొద్దు. ముందు ఫోన్ చేసి లోపం చెప్పి, సరిచేయడానికి రెండు మూడు రోజులు గడువివ్వండి. షార్ట్ సర్క్యూట్, గ్యాస్ లీకు లాంటి ప్రమాదం ఉంటే మాత్రం గడువు మాట పక్కనపెట్టి, వెంటనే మెయిన్ ఆపి వేరే నిపుణుడిని పిలవండి. రివ్యూ సంగతి తర్వాత.

స్టార్లు ఎలా లెక్కపెట్టాలి?

ఎవరి కొలత వారిది. అయినా ప్రతిసారీ ఒకే కొలత వాడితే మీ రేటింగ్‌కు విలువ ఉంటుంది. ఈ పద్ధతి ప్రయత్నించండి.

- 5: ఒప్పుకున్న పని, ఒప్పుకున్న ధరకు, సరిగ్గా జరిగింది. అద్భుతాలు అక్కర్లేదు.
- 4: పని బాగుంది. చిన్న అసౌకర్యం ఉంది, లేదా లోపం వస్తే పిలవగానే సరిచేశారు.
- 3: పని జరిగింది కానీ ధరలోనో, సమయంలోనో, శుభ్రతలోనో స్పష్టమైన తేడా ఉంది.
- 2: పనిలో లోపం ఉంది, చెప్పినా పూర్తిగా సరిచేయలేదు.
- 1: పని జరగలేదు, ప్రమాదకరంగా చేశారు, లేదా డబ్బు తీసుకుని స్పందించలేదు.

గంట ఆలస్యానికి ఒక్క స్టార్, అడ్వాన్స్ తీసుకుని మాయమైనవారికీ ఒక్క స్టార్ ఇస్తే ఆ రెండింటికీ తేడా లేనట్టవుతుంది.

ఇలా కాదు, ఇలా

కేవలం అర్థం కావడానికి కొన్ని ఊహాజనిత ఉదాహరణలు.

ఏసీ మెకానిక్‌పై కోపంతో రాసింది: ‘పెద్ద మోసగాడు. డబ్బులు దండగ. ఎవరూ పిలవొద్దు.’

అదే అనుభవం సరిగ్గా రాస్తే: ‘మే నెలలో ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీకి సర్వీసు చేయించాం. ఫోన్‌లో రూ.600 అన్నారు. వచ్చాక గ్యాస్ తగ్గిందని చెప్పి మొత్తం రూ.3,100 తీసుకున్నారు. లీకు ఎక్కడో చూపించమంటే చూపించలేదు. 18 రోజులకు మళ్లీ చల్లదనం తగ్గింది. రెండుసార్లు ఫోన్ చేశాం, వస్తామన్నారు, వారమైనా రాలేదు. చెప్పిన సమయానికి రావడం, ఇండోర్ యూనిట్‌ను శుభ్రంగా కడగడం బాగున్నాయి. బిల్లు ఇవ్వలేదు.’ రెండు స్టార్లు.

రెండోదానిలో తిట్టు ఒక్కటీ లేదు. అయినా చదివినవారు జాగ్రత్తపడతారు. బాగున్నది కూడా చెప్పడంతో మీ మాట మీద నమ్మకం పెరుగుతుంది.

పెయింటర్‌ను మెచ్చుకుంటూ రాసింది: ‘ఎక్సలెంట్ వర్క్, హైలీ రికమండెడ్.’

సరిగ్గా రాస్తే: ‘రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్‌కు లోపల రంగులు వేయించాం. గోడలు మా ముందే కొలిచి, తలుపులు, కిటికీలు తీసేసి లెక్క చెప్పారు. ఎనిమిది రోజులన్నారు, పది పట్టింది. సామాన్ల మీద కవర్లు కప్పి పనిచేశారు. హాల్లో ఒక మూల చెమ్మ ఉందని, అది ఆరేదాకా అక్కడ రంగు వేయనని ముందే చెప్పారు. మాట్లాడుకున్న ధర కంటే ఎక్కువ అడగలేదు.’ ఐదు స్టార్లు.

ఈ పెయింటర్ మళ్లీ పని దొరికించుకోవడానికి ‘ఎక్సలెంట్’ అన్న మాట కంటే చెమ్మ గురించిన ఆ ఒక్క వాక్యం ఎక్కువ పనికొస్తుంది.

ఇవి రాస్తే చిక్కులే

పరువు నష్టం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 356 పరువు నష్టానికి సంబంధించింది. నేరం రుజువైతే రెండేళ్ల వరకు సాధారణ జైలు శిక్ష, జరిమానా, ఆ రెండూ, లేదా సమాజ సేవ విధించొచ్చు. ప్రజా ప్రయోజనం కోసం చెప్పిన నిజానికి, మంచి ఉద్దేశంతో ఇతరులను అప్రమత్తం చేయడానికి చెప్పిన మాటకు అదే సెక్షన్ మినహాయింపు ఇస్తోంది. కాబట్టి జరిగింది రాయడానికి భయపడక్కర్లేదు. కానీ ‘దొంగ’, ‘ఫ్రాడ్’ అన్న మాటలు జరిగిందాన్ని చెప్పవు, నేరం ఆపాదిస్తాయి. ‘రూ.5,000 అడ్వాన్స్ తీసుకున్నారు, నెలైనా పని మొదలుపెట్టలేదు, ఫోన్ ఎత్తడం లేదు’ అని రాయండి. ఏ పేరు పెట్టుకోవాలో చదివేవారే నిర్ణయించుకుంటారు.

దొంగతనం అనుమానం: పనివారు వెళ్లాక వస్తువు కనిపించకపోతే పోలీసులకు చెప్పండి. రివ్యూలో ఆరోపించొద్దు. ఆ వస్తువు బీరువా వెనక దొరికినా, అప్పటికే రాత చాలామంది చదివేసి ఉంటారు.

కులం, మతం, రాష్ట్రం: రంగులు, టైల్స్, వడ్రంగి పనుల్లో ఉత్తరాది నుంచి, ఒడిశా, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చినవారు మన నగరాల్లో చాలామంది ఉన్నారు. ‘వాళ్లంతే’ అన్న మాట పని గురించి ఏమీ చెప్పదు. తెలుగు రాకపోవడంతో పనిలో నిజంగా ఇబ్బంది వస్తే ‘ఏం కావాలో అర్థమయ్యేలా చెప్పడానికి కష్టపడ్డాం, ముందే డ్రాయింగ్ ఇస్తే మంచిది’ అని రాయండి.

ఫోన్ నంబర్లు, ముఖాలు: పనివారి సొంత నంబరు, ఆధార్, ముఖం కనిపించే ఫొటో పెట్టొద్దు. పని ఫొటోలు పెట్టండి. పెట్టేముందు మీ ఇంటి నంబరు, పిల్లల ఫొటోలు, బీరువా ఉన్న గది అందులో పడకుండా చూసుకోండి.

బెదిరింపు: ‘రెండు వేలు తగ్గించు, లేదంటే వన్ స్టార్ ఇస్తా’ అనడం తెలివైన బేరంలా అనిపించొచ్చు. పరువు తీసే రాత ప్రచురిస్తానని బెదిరించి డబ్బు రాబట్టడాన్ని న్యాయ సంహిత సెక్షన్ 308 బలవంతపు వసూలుకు ఉదాహరణగానే చూపిస్తోంది. డబ్బు వెనక్కి అడగండి, లోపం సరిచేయమనండి. రివ్యూను మాత్రం మధ్యలోకి తేవొద్దు.

‘ఫైవ్ స్టార్ ఇస్తే డిస్కౌంట్’ అంటే?

పనయ్యాక ‘సార్, ఫైవ్ స్టార్ కొట్టండి’ అని అడగడంలో తప్పు లేదు. దానికి బదులుగా డబ్బు తగ్గిస్తామంటే అది కొనుగోలు చేసిన రివ్యూ అవుతుంది. ఇలా ప్రతిఫలం ఆశచూపి రివ్యూలు రాయించుకోవడాన్ని గూగుల్ విధానాలు కూడా నిషేధిస్తున్నాయి.

2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ఆన్‌లైన్ మార్కెట్‌లో అమ్మేవారు గానీ సేవలందించేవారు గానీ తామే కస్టమర్‌లా నటించి రివ్యూలు రాసుకోకూడదు. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, పరిశీలన, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022 నవంబరులో ‘ఐఎస్ 19000:2022’ అనే ప్రమాణం తెచ్చింది. దీన్ని పాటించడం స్వచ్ఛందం. నిజాయతీ, కచ్చితత్వం, గోప్యత, పారదర్శకత దానిలోని ముఖ్య సూత్రాలు.

పనిచేసిన వ్యక్తి మీ బంధువో స్నేహితుడో అయితే రివ్యూ రాయకపోవడమే మంచిది. మరో కాంట్రాక్టర్ అడిగాడని అతని పోటీదారుకు చెడ్డ రివ్యూ రాయడం మాత్రం ఏ రకంగానూ సమర్థించుకోలేనిది.

డబ్బు వెనక్కి రావాలంటే..

రివ్యూ ఇతరులను హెచ్చరిస్తుంది. మీ డబ్బు తెచ్చిపెట్టదు. నష్టం పెద్దదైతే ఈ వరుసలో వెళ్లండి.

ముందుగా రాతపూర్వకంగా అడగండి. లోపం ఏమిటో, ఏం కావాలో, ఎన్ని రోజుల్లోనో వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో పంపండి.

యాప్ ద్వారా పిలిచి ఉంటే ఆ సంస్థ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోపు పరిష్కరించాలి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. 8800001915కు వాట్సాప్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడొచ్చు. చాలా సమస్యలు ఈ దశలో రాజీతో తేలే అవకాశం ఉంది.

అప్పటికీ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. డబ్బు తీసుకుని చేసిన పనిలో లోపం ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది ‘సేవా లోపం’. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. రూ.50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది. మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు, లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేసే వీలుంది. సమస్య తలెత్తిన రెండేళ్లలోపు వెళ్లాలి.

ఫిర్యాదు నడుస్తుండగా రివ్యూ రాయొచ్చు. అందులో మీరు ఫిర్యాదులో చెప్పిన నిజాలే ఉండాలి. రెండుచోట్ల రెండు రకాలుగా రాస్తే అవతలివారు దాన్నే పట్టుకుంటారు.

రాశాక మీ బాధ్యత

గూగుల్ మ్యాప్స్‌లో వ్యాపారం నడిపేవారు మీ రివ్యూకు జవాబు ఇవ్వొచ్చు. ఆ జవాబు చదవండి. మీకు తెలియని కారణం అందులో ఉండొచ్చు. వాగ్వాదానికి దిగొద్దు. నిజంగా పొరపాటు పడ్డారనిపిస్తే సవరించండి.

కాంట్రాక్టర్ వచ్చి లోపం సరిచేస్తే పాత రివ్యూను మాయం చేయడం కంటే దానికి కలపడం మేలు. ‘జూన్ 20: మళ్లీ వచ్చి, అదనంగా తీసుకోకుండా సరిచేశారు. స్టార్లు రెండు నుంచి నాలుగుకు మార్చాను’ అని రాయండి. ఏ లోపమూ లేని ఫైవ్ స్టార్ల కంటే ఇలా సరిచేసిన కథ ఉన్న నాలుగు స్టార్లను చూసే చాలామంది నమ్ముతారు.

తరచూ వచ్చే సందేహాలు

తెలుగులో రాస్తే పర్వాలేదా?
రాయొచ్చు. రివ్యూను అనువదించి చూసుకునే వీలు గూగుల్ మ్యాప్స్‌లో ఉంది. మీకు బాగా వచ్చిన భాషలో రాస్తేనే వివరాలు సరిగ్గా వస్తాయి. టైప్ చేయడం కష్టమైతే వాయిస్ టైపింగ్ వాడి, పోస్ట్ చేసే ముందు అంకెలు మరోసారి చూసుకోండి.

అడ్డా మీద నుంచి తెచ్చుకున్న మేస్త్రీకి ఆన్‌లైన్‌లో పేజీ ఉండదు కదా?
ఉండదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో చెప్పే మాటే ఆయనకు రివ్యూ. అక్కడా ఇవే ఆరు విషయాలు చెప్పండి. బాగా చేసిన మనిషి నంబరును, ఆయన్ను అడిగాకే గ్రూపులో పెట్టండి.

మంచి పనికి రివ్యూ రాయకపోతే నష్టమేంటి?
కోపం వచ్చినవారే ఎక్కువగా రాస్తే సగటు ఆ వైపే ఒరుగుతుంది. సంతృప్తి చెందినవారు మౌనంగా ఉండిపోతే, నిజాయతీగా చేసేవారు జాబితాలో కిందకు జారిపోతారు. అప్పుడు మనకు కనిపించేది రివ్యూలు కొనుక్కున్నవారే.

పని బాగుంది, ధర ఎక్కువ అనిపించింది. స్టార్ తగ్గించాలా?
ముందే చెప్పి, మీరు ఒప్పుకున్న ధర అయితే తగ్గించొద్దు. ఎంత తీసుకున్నారో రాయండి. ఎక్కువో తక్కువో చదివేవారు చూసుకుంటారు. చెప్పకుండా పెంచితే మాత్రం తగ్గించొచ్చు.

పోస్ట్ చేసే ముందు ఒక్క పరీక్ష

రాసింది ఒకసారి పైకి చదవండి. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇందులో ప్రతి వాక్యానికీ నా దగ్గర ఫొటోనో, బిల్లో, మెసేజో, కళ్లారా చూసిన జ్ఞాపకమో ఉందా? ఇదే మాట ఆ మనిషి ఎదురుగా నిలబడి చెప్పగలనా? ఆయన స్థానంలో నేనుంటే, చేదుగా ఉన్నా ‘జరిగింది అదే’ అని ఒప్పుకుంటానా?

మూడింటికీ అవును అనిపిస్తే పోస్ట్ చేయండి. ఏ ఒక్కదానికి కాదనిపించినా, ఆ వాక్యం తీసేసి మిగతాది పోస్ట్ చేయండి.